40 గేజు తీగ చేత్తో చుట్టొచ్చా? చుట్టొచ్చు, లాగకుండా ఉంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం సైకిలు చక్రానికి అయస్కాంతాలు అతికించి, పక్కన ఒక కాయిల్ పెట్టి ఎల్‌ఈడీ వెలిగించాలి. ఎక్కడో చూసి 40 గేజు ఎనామెల్ తీగ తెచ్చుకున్నారు (గేజు నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది), 1500 చుట్లు కావాలి. మూడుసార్లు కూర్చున్నారు. రెండుసార్లు నాలుగైదు వందల దగ్గర తెగిపోయింది. మూడోసారి ఎలాగో పూర్తి చేస్తే మీటరు ఓపెన్ చూపించింది, అంటే లోపల ఎక్కడో తెగిందని. మిషన్ లేకుండా ఇది అయ్యే పనేనా అని అడిగారు.

అవుతుంది. బాబిన్ చుట్టూ తీగని తిప్పొద్దు, బాబిన్‌నే తిప్పండి. తీగ రీలుని పడుకోబెట్టి దొర్లించొద్దు, నేలమీద నిలబెట్టి దాని తలమీంచి తీగ తీసుకోండి. మధ్యలో మీ వేళ్ళ సందున తీగ జారుతూ పోవాలి, మీరు లాగకూడదు. ఈ మూడూ కుదిరితే ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

మూడోసారి చుట్టిన కాయిల్ పారేశారా? పారేయకపోతే ముందు దాన్ని బయటికి తీయండి. ఎనామెల్ తీగ చూడ్డానికి ఒట్టి రాగిలాగే ఉంటుంది, కానీ పైన పూత ఉంటుంది. ఆ పూత గీకకుండా మీటరు పెడితే ఎంత చక్కటి కాయిలైనా ఓపెనే. కొసలు రెండూ అర అంగుళం మేర సన్నటి గరుకు కాగితంతో గీకి, రంగు మారిందని చూసుకుని మళ్ళీ మీటరు పెట్టండి. మా షాపుకి ‘పోయింది’ అని వచ్చిన కాయిల్స్‌లో ఇలా బాగున్నవి చాలానే చూశాను. డబ్బులు తీసుకోబుద్ధి కాక టీ తాగించి పంపేవాణ్ణి.

తెగడం సంగతికొద్దాం.

మాది మంగళగిరిలో మగ్గం ఉన్న ఇల్లు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగుని జారనిచ్చేది. కళ్ళు నా ఎక్కాల పుస్తకం మీద, నోరు పక్కింటావిడతో. పోగులో చిన్న ముడి వచ్చినా కళ్ళకంటే ముందు వేళ్ళకి తెలిసేది, చక్రం ఆగేది. పందొమ్మిదో ఏట నేను వైండింగ్ షాపులో చేరాను. మొదటి నెలలోనే మా మేస్త్రి ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కాయిల్ ఇచ్చాడు, 42 గేజు. ఒక్క పూటలో ఏడుసార్లు తెంపాను. ‘తీగ చుట్టమన్నానురా, గొడ్డుని గుంజకి కట్టెయ్యమనలేదు’ అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో అమ్మ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ పోగుని పట్టుకోవడం లేదు. పోగు పోతుంటే దాని మీద వేళ్ళు ఆనించి ఉంచుతోంది, అంతే. కండె తనకి కావలసినంత తను లాక్కుంటోంది. మర్నాడు ఆ రిలే కాయిల్ అయిపోయింది.

మన 40 గేజు తీగ మందం 0.122 మి.మీ. మెత్తటి రాగి కాబట్టి పావు కిలో బరువు వేలాడదీస్తే దాదాపు తెగుతుంది. తెగక ముందు సాగుతుంది, సాగడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. పావు కిలో అంటే చేతికి అసలు బరువే కాదు. రీలు పడుకోబెట్టి మధ్యలో పుల్ల గుచ్చి దొర్లిస్తే ఏమవుతుందో చూడండి. బాబిన్ కదలగానే బరువైన రీలు వెంటనే కదలదు, ఆ జర్కు మొత్తం తీగ మీద పడుతుంది. మీరు ఆపితే రీలు ఆగదు, ఇంకో రెండు చుట్లు తిరిగి తీగ వదులైపోతుంది. వదులైన చోట మెలిక పడుతుంది. మళ్ళీ మొదలుపెట్టగానే ఆ మెలిక బిగుసుకుని పుటుక్కుమంటుంది. మీరు అన్నం తినడానికి లేచి వచ్చాకే తెగిందా? అయితే ఇదే కారణం.

రీలుని నిలబెట్టి తలమీంచి తీస్తే రీలు కదలదు, కాబట్టి జర్కు ఉండదు. ఇలా తీసినప్పుడు ప్రతి చుట్టుకీ తీగలో ఒక పురి పడుతుంది, నిజమే. సన్న తీగకి దానివల్ల నష్టం లేదు. 24, 22 గేజు లాంటి మందపు తీగని మాత్రం అలా తీయకండి, మెలికలు తిరిగి పాములా లేస్తుంది. దానికి రీలు దొర్లాల్సిందే.

రీలుకి రెండు మూడు అడుగుల ఎత్తున ఒక గాజు వేలాడదీసి, తీగని అందులోంచి పోనివ్వండి. ఆడవాళ్ళు వేసుకునే గాజే. అంత నున్నటి వస్తువు ఇంట్లో ఇంకోటి దొరకదు. బీట ఉన్నది మాత్రం వద్దు, బ్లేడులా పూత గీకేస్తుంది. రీలు అంచు మీద కూడా ఒకసారి గోరు తిప్పి చూడండి. ప్లాస్టిక్ రీళ్ళు ఎక్కడో పడి అంచు లేచి ఉంటాయి. తీగ ప్రతిసారీ అక్కడే తగులుకుంటుంటే మీ చేతిని మీరే తిట్టుకుంటారు.

బాబిన్‌ని తిప్పడానికి వడ్రంగులు వాడే పిడి తిప్పే చేతి డ్రిల్లు ఉంటే అంతకంటే మంచిది లేదు. దాన్ని బల్లకి క్లాంపుతో బిగించండి. బాబిన్ నడిమధ్యనుంచి ఒక బోల్టు దూర్చి, అటూ ఇటూ వాషర్లు పెట్టి నట్టు బిగించి, బోల్టు కొసని డ్రిల్లులో పట్టించండి. ఒక చెయ్యి పిడి మీద, ఒక చెయ్యి తీగ మీద. కరెంటు డ్రిల్లు వద్దు. అలవాటైనవాళ్ళు వాడతారు గానీ, తీగ చిక్కుకున్నప్పుడు అది మీకంటే అర క్షణం ఆలస్యంగా ఆగుతుంది. ఆ అర క్షణం చాలు.

తీగని ఒట్టి వేళ్ళతో కాకుండా మెత్తటి పాత నూలుబట్ట మడతలో పట్టుకోండి. ఎంత బిగువు ఉండాలో చెప్తే తెలియదు, చెయ్యి పట్టాలి. పది రూపాయల నాణేలు ఏడు పొట్లం కట్టి, ఒక ముక్క తీగకి వేలాడదీసి, ఆ తీగని వేలి మీద ఆనించి ఎత్తండి. సుమారు 50 గ్రాములు. 40 గేజుకి అంతే. రెండు మూడుసార్లు ఎత్తి దించితే వేలికి గుర్తుండిపోతుంది. చెయ్యి బాబిన్‌కి జానెడు దూరంలో ఉంచండి. మరీ దగ్గరైతే తీగ అటూ ఇటూ కదలడానికి చోటుండదు, మరీ దూరమైతే ఎక్కడ పడుతోందో మీ అదుపులో ఉండదు.

బాబిన్ గుండ్రంగా ఉంటేనే ఈ 50 గ్రాముల లెక్క. నలుచదరపు బాబిన్ అయితే మూల తిరిగినప్పుడల్లా తీగని ఒక్కసారిగా లాగి, మళ్ళీ వదులుతుంది. అప్పుడు వేగం సగం చేసుకోవాలి. కొత్తవాళ్ళు గుండ్రటి బాబిన్‌తోనే మొదలుపెట్టడం మంచిది.

ఇక మీరు అడగని విషయం. మీకు 40 గేజు అసలు అవసరమా? అయస్కాంతం ముందు కాయిల్‌లో పుట్టే వోల్టేజీ చుట్ల సంఖ్యని బట్టి, అయస్కాంతం బలాన్ని బట్టి, చక్రం వేగాన్ని బట్టి ఉంటుంది. తీగ మందంతో దానికి పని లేదు. సన్న తీగ వాడేది తక్కువ చోటులో ఎక్కువ చుట్లు పట్టించడానికి. మీ చక్రం పక్కన చోటుకేం కరువు? 36 గేజు తీసుకోండి. మందం 0.193 మి.మీ., తెగే బరువు 40 గేజుకి రెండున్నర రెట్లు. మొదటిసారి చుట్టేవాళ్ళకి ఆ తేడా బతుకు నిలబెడుతుంది. 1500 చుట్లకి 12 మి.మీ. వెడల్పు, 9 మి.మీ. లోతు గాడి ఉన్న బాబిన్ కావాలి. 40 గేజుకైతే 9 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. లోతు సరిపోయేది.

గేజు దగ్గర ఇంకో మోసం ఉంది. మీరు చూసిన వీడియో బయటిదేశంవాళ్ళదైతే అందులో చెప్పింది అమెరికా గేజు అయ్యుండొచ్చు. మన షాపుల్లో నడిచేది బ్రిటిష్ వాళ్ళ గేజు, ఎస్‌డబ్ల్యూజీ. రెండూ ఒకటి కావు. అమెరికా 36 అంటే 0.127 మి.మీ., దాదాపు మన 40 గేజు. అమెరికా 40 అంటే 0.08 మి.మీ., మన 44 గేజు. వెంట్రుకతో సమానం, చేత్తో చుట్టాలంటే మాకే వెన్నులో చలి. కాబట్టి నంబరు కాకుండా మిల్లీమీటర్లు అడగండి.

తీగ దొరకడం కష్టమేమీ కాదు. హైదరాబాదులో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీ, మరెక్కడున్నా దగ్గర్లోని మోటారు వైండింగ్ షాపు. తూకం మీద ఇస్తారు. 36 గేజు 100 గ్రాములు తీసుకుంటే దాదాపు 380 మీటర్లు వస్తుంది, మీకు రెండు మూడు తప్పులు చేసుకోవడానికి కూడా మిగులుతుంది. మోటారు తీగకి పూత గట్టిగా ఉంటుంది, గీకాల్సిందే. ఎలక్ట్రానిక్స్ షాపులో అమ్మే సన్న తీగల్లో కొన్నింటికి పూత పాలీయురేతేన్. దానికి బాగా వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ కొసన లెడ్డు (సోల్డరు) బొట్టు పెట్టి తీగని అందులో ముంచితే పూత తనంతట తనే కరిగి లెడ్డు పట్టేస్తుంది. పొగ పీల్చకండి. అగ్గిపుల్లతో కాల్చే పద్ధతి కూడా ఉంది, పాత రేడియో మెకానిక్కులు పోగుల తీగని మంటలో పెట్టి, వేడి మీదే స్పిరిట్‌లో ముంచేవాళ్ళు. 40 గేజు ఒంటి తీగకి ఆ ప్రయోగం చేయొద్దు. కాలి పెళుసెక్కి, వంచగానే విరుగుతుంది. బ్లేడుతో గీకడం కూడా అంతే, కంటికి కనబడని గాటు పడుతుంది. గరుకు కాగితాన్ని మడిచి ఆ మడతలో తీగ పెట్టి, వేళ్ళతో మెల్లగా నొక్కి లాగడమే.

మీ కాయిల్ నిజంగానే ఓపెన్ అయితే, అది పోయింది నడిమధ్యలో కాకపోవచ్చు. నూటికి తొంభై మొదలు కొస దగ్గరే పోతుంది. ఆ కొస బాబిన్ లోపలి అంచు దగ్గర మొదలై, బాబిన్ పక్క గోడని ఆనుకుని బయటికి వస్తుంది. తర్వాత చుట్టే చుట్లన్నీ దాన్నే ఒరుసుకుంటూ పైకెక్కుతాయి. మీరు బయట ఆ కొసని నాలుగుసార్లు అటూ ఇటూ వంచారా, లోపల తెగి కూర్చుంటుంది. అందుకని సన్న తీగని సన్న తీగగానే బయటికి తీయకండి. పోగుల వైరు, అంటే ఇయర్‌ఫోను వైరులాంటిది, రెండంగుళాలు తీసుకుని దానికి తీగ కొస అతికి లెడ్డు పెట్టండి. అతుకు చుట్టూ కాగితం టేపు వేసి, ఆ పోగుల వైరునే బాబిన్ మీద ఒక చుట్టు తిప్పి, గోడలోని చిల్లులోంచి బయటికి తీయండి. బయట ఎంత లాగినా ఆ చుట్టు పట్టుకుంటుంది, సన్న తీగకి తెలియదు. పోగుల వైరు లేకపోతే అదే తీగని ఒక అడుగు మేర మూడు పేటలుగా మడిచి పురి పెట్టి వాడండి. చివరి కొసకీ ఇదే పద్ధతి. మొదలు కొసకి గోడ పక్కన కాగితం ముక్క అడ్డం పెట్టడం మర్చిపోవద్దు, దాన్ని ఒరుసుకునే పై చుట్లతో షార్ట్ కాకుండా ఉంటుంది.

చుట్టు పక్కన చుట్టు పేర్చాలా అని కొందరు అడుగుతారు. 36 గేజు వరకు ఓపిక ఉంటే పేర్చొచ్చు. చేతిని తీగ పోవాల్సిన వైపు కంటే రవ్వంత వెనక ఉంచండి. తీగ తనే వెళ్ళి ముందటి చుట్టుని ఆనుకుని పడుకుంటుంది. చెయ్యి ముందుకెళ్తే సందులు పడతాయి. 40 గేజుకి పేర్చాలన్న పట్టుదల వద్దు. ఆ గోడ నుంచి ఈ గోడకి నిదానంగా, సమానంగా పరుచుకుంటూ పోతే చాలు. ఎల్‌ఈడీ వెలిగించే కాయిల్‌లో పొరకీ పొరకీ మధ్య వోల్టేజీ చాలా తక్కువ. మధ్యలో గుట్ట, అంచుల్లో గుంట పడకుండా చూసుకోండి. గుట్ట మీద చుట్టిన తీగ ఒకసారి అంచు గుంటలోకి జారిందంటే కింది చుట్ల మధ్య ఇరుక్కుని తెగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు సంగతి వేరు. అక్కడ పొరపొరకీ కాగితం వేసి, పొర కొసలు గోడకి రెండు మి.మీ. ముందే ఆపాలి. 230 వోల్టులు తగిలించే దేన్నీ ఈ సమాధానం చూసి చుట్టొద్దు.

లెక్క తప్పడం గురించి రాశారు. నోటితో లెక్కపెడితే ఎవరైనా తప్పుతారు, ఫోను మోగితే చాలు. డ్రిల్లు పళ్ళు లెక్కపెట్టుకోండి. నా దగ్గరున్న దానికి పెద్ద చక్రానికి 60 పళ్ళు, చిన్నదానికి 15. పిడి ఒకసారి తిప్పితే బాబిన్ నాలుగుసార్లు తిరుగుతుంది. అంటే పాతిక తిప్పులకి వంద చుట్లు. పాతిక వరకు ఎవరైనా లెక్కపెట్టగలరు. పాతిక కాగానే ఆపి, ఒక చింతపిక్కని ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలో వేయండి. పదిహేను చింతపిక్కలు అటు చేరితే పని అయిపోయినట్టే. మధ్యలో ఎవరొచ్చి పలకరించినా పోయేది ఒక పాతిక లెక్కే. మీ అమ్మాయిని పిక్కలు వేసే పనిలో పెట్టండి, ప్రాజెక్టు ఆ పిల్లదే కదా.

కాస్త ఎలక్ట్రానిక్స్ వచ్చినవాళ్ళకి కాలిక్యులేటర్ కిటుకు ఉంది. చవక కాలిక్యులేటర్‌లో 1, కూడిక, సమానం నొక్కాక మళ్ళీ సమానం నొక్కినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది. ఆ మీట రెండు కొనలకీ ఒక రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే తనే కలిసే స్విచ్) కలిపి, తిరిగే బోల్టుకి చిన్న అయస్కాంతం అతికిస్తే అదే లెక్కపెట్టుకుంటుంది. మరీ వేగంగా తిప్పితే కొన్ని మింగేస్తుంది. మొదట వంద చుట్లు చూసి సరిపోల్చుకోండి.

ఇంట్లో రాట్నం ఉంది, దానిమీద చుట్టొచ్చా అని మా ఊరి కుర్రాడు ఒకడు అడిగాడు. తిరగడానికి బ్రహ్మాండంగా తిరుగుతుంది. లెక్క మాత్రం నమ్మకండి. చక్రానికీ కదురుకీ మధ్య ఉన్నది తాడు, అది ఎక్కడ ఎంత జారిందో దేవుడికి తెలియాలి. దారంతో తిరిగే దేనితోనైనా సరే, లెక్క బాబిన్ ఇరుసు దగ్గరే తీయాలి.

లెక్క మీద అనుమానం మిగిలితే తూకం వేయండి. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు ఇప్పుడు చవకే. ఖాళీ బాబిన్ బరువు ముందే రాసుకోవాలి. 36 గేజు తీగ మీటరుకి 0.26 గ్రాములు.

మధ్యలో తెగితే మొదట్నుంచీ మొదలుపెట్టక్కర్లేదు. రెండు కొసలూ గీకి, మెలేసి, లెడ్డు అంటించి, మొన ఉంటే అదిమి, సన్నటి కాగితం టేపు మడతలో పెట్టి పడుకోబెట్టండి. గోడ మూలకి రాకూడదు, మధ్యలో ఉండాలి. కాయిల్‌కి ఇలాంటి అతుకులు ఒకటో రెండో అయితే నేను ఊరుకుంటాను. మూడోది వచ్చిందంటే తీగలోనో చేతిలోనో తేడా ఉంది, ఆపి వెతకాలి. అతుక్కి యాసిడ్ ఫ్లక్స్ (లెడ్డు పట్టడానికి పూసే పదార్థం) మాత్రం వాడకండి, మిగిలిన యాసిడ్ తీగని తినేస్తుంది.

యాసిడ్ అన్నాను కాబట్టి చెమట గురించి కూడా. ఒకప్పుడు మా షాపులో చుట్టి ఇచ్చిన రిలే కాయిల్ ఒకటి ఎనిమిది నెలలకి ఓపెన్ అయి తిరిగొచ్చింది. బాపట్ల అవతల, సముద్రపు గాలి తగిలే చోట బిగించారు. విప్పితే మూడో పొరలో ఆవగింజంత పచ్చ చిలుము, దాని కింద తీగ మాయం. చుట్టింది ఏప్రిల్‌లో, చుట్టిన కుర్రాడి చేతులు ఎప్పుడూ తడే. పూతలో ఎక్కడో సూదిమొనంత చిల్లు, దాంట్లోకి చెమట ఉప్పు, పైన తేమ, లోపల రోజంతా డీసీ. అంతకంటే ఏం కావాలి. తప్పు నాదే, చూసి కూడా ఊరుకున్నాను. అప్పట్నుంచి షాపులో చేతులు కడిగి తుడుచుకుని, బట్టతోనే పట్టుకోవాలన్నది నియమం. ఇక ఫ్యాను వేసుకోకూడదు, సన్న తీగ గాలికి ఎగిరి చిక్కుపడుతుంది. ఫ్యాను లేకపోతే చెమట. ఈ చిక్కుకి నాకు దొరికిన పరిష్కారం ఒకటే, తెల్లవారుజామున చుట్టడం.

వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చోండి, బాబిన్ కింద నల్లబట్ట పరచండి. రాగి మెరుపు దానిమీద కనిపిస్తుంది.

చుట్టడం అయ్యాక పైన ఒక పొర కాగితం టేపు, లేదా గోళ్ళరంగు ఒక పూత. స్కూలు ప్రాజెక్టుకి అంతే చాలు. మోటార్లకైతే వార్నిష్‌లో ముంచి వేడి పెడతాం, మీకు అదేమీ అక్కర్లేదు.

ఇప్పుడు మీటరు. నేను చెప్పిన 36 గేజు బాబిన్ లెక్క వేద్దాం. లోపలి వ్యాసం 8 మి.మీ. అనుకుంటే, 9 మి.మీ. లోతు నిండితే బయటి వ్యాసం 26. సగటు 17. ఒక చుట్టు పొడవు దాదాపు 53 మి.మీ. 1500 చుట్లకి 80 మీటర్లు. 36 గేజు మీటరుకి 0.59 ఓమ్‌లు. మొత్తం 47 ఓమ్‌ల దగ్గర రావాలి, తూకం 21 గ్రాములు. తూకం సరిగ్గా ఉండి ఓమ్‌లు మాత్రం 52 వచ్చాయనుకోండి, చుట్లు ఎక్కువ కాలేదు, తీగ సాగింది. అయిదు శాతం సాగితే పది శాతం ఓమ్‌లు పెరుగుతాయి. పని చేస్తుంది గానీ చెయ్యి బిగువుగా ఉందని అర్థం. తూకం సరిగ్గా ఉండి ఓమ్‌లు బాగా తక్కువ వస్తే లోపల ఎక్కడో పూత పోయి షార్ట్ అయింది. రెండూ తగ్గితే లెక్కే తప్పింది.

ఒక్క కాయిల్ చాలకపోతే రెండో మూడో పెట్టి వరసగా కలపాలనిపిస్తుంది. అక్కడ జాగ్రత్త. నాలుగేళ్ళ కిందట ఒక ఇంజనీరింగ్ విద్యార్థి నాలుగు కాయిల్స్ పట్టుకొచ్చాడు. ముచ్చటగా చుట్టాడు, పేర్చిన తీరు నాకే అసూయ వేసింది. నాలుగూ కలిపితే సున్నా వోల్టులు, విడివిడిగా ఒక్కోటీ బాగానే ఇస్తోంది. రెండింటి కొసలు తిరగేసి కలిపాడు, ఇవి పుట్టించింది అవి తినేస్తున్నాయి. అన్నీ ఒకే వైపు తిప్పి చుట్టండి, మొదలు కొసకి ఎర్ర పోగుల వైరు, చివరి కొసకి నల్లది పెట్టండి. ఒకదాని నల్లది తర్వాతదాని ఎర్రదానికి. ఇది కూడా నాలుగు కాయిల్స్ ముందూ ఒకేసారి ఒకే ధ్రువం వస్తేనే. ఒకదాని ముందు ఉత్తరం, పక్కదాని ముందు దక్షిణం వచ్చేలా అమర్చితే ఒకదాన్ని తిరగేయాల్సిందే.

ఎల్‌ఈడీ ఒకటే పెడితే అది సగం సేపే వెలుగుతుంది, ఎదురు వోల్టేజీ ఎక్కువైతే పాడు కూడా అవుతుంది. రెండు ఎల్‌ఈడీలు పక్కపక్కనే, ఒకదాని పొడుగు కాలు రెండోదాని పొట్టి కాలుకి వచ్చేలా తిరగేసి, రెండు కొసల దగ్గరా కలపండి. ఎరుపువైతే 2 వోల్టుల దగ్గర వెలుగుతాయి, తెల్లవాటికి 3 కావాలి. ఎరుపుతో మొదలుపెట్టండి. అయస్కాంతాలు ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం పైకి వచ్చేలా మార్చి మార్చి అతికించాలి.

‘చిన్న కాయిల్స్ అన్నీ ఇలాగేనా’ అని కూడా అడిగారు కాబట్టి రెండు మాటలు. ఎఫ్‌ఎం రేడియోల్లో కనబడే నాలుగైదు చుట్ల కాయిల్‌కి బాబిన్ ఉండదు. దానికి పద్ధతి పూర్తిగా తలకిందులు. 20 గేజు తీగ ఒక కొసని వైసులో బిగించి, రెండో కొసని పట్టకారుతో పట్టి ఒక్కసారి గట్టిగా లాగాలి. కొంచెం సాగి, కర్రలా తిన్నగా నిలబడుతుంది. దాన్ని డ్రిల్లు బిట్టు నున్నటి కాడ మీద చుట్టి బయటికి తీయాలి. వదలగానే కాస్త విప్పారుతుంది కాబట్టి కావలసిన దానికంటే సన్నటి బిట్టు తీసుకోవాలి. తర్వాత సందులు విడదీస్తూ, దగ్గర చేస్తూ స్టేషను పట్టుకోవడమే. మీ తీగని అలా లాగితే ఏమవుతుందో ఇప్పుడు మీకు తెలుసు.

రింగు ఆకారం కోర్ (తీగ చుట్టే లోపలి దిమ్మ) అయితే తీగని ముందే పొడవు లెక్కేసి కోసుకుని, అట్టముక్కని నాడెలా (మగ్గం మీద పోగుని అటూ ఇటూ మోసేది) కత్తిరించి దానికి చుట్టుకుని రంధ్రంలోంచి పోనివ్వాలి. అక్కడ లెక్క ఒకటే, రంధ్రంలోంచి తీగ ఎన్నిసార్లు దాటితే అన్ని చుట్లు. ఒక్కసారి దూర్చి బయటికి తీసినా అది ఒక చుట్టే. బయట కనిపించేవి లెక్కపెట్టి ఒకటి తప్పేవాళ్ళే ఎక్కువ. రింగు కోర్ దొరకలేదని ఆగక్కర్లేదు. హైదరాబాదులో అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ అనే హామ్ రేడియో (ఔత్సాహికులు సొంతంగా నడిపే రేడియో) సెట్టులో నీళ్ళ కుళాయి నైలాన్ వాషర్ మీద కూడా కాయిల్ చుట్టారు, ప్రపంచమంతా దాన్ని చూసి చుట్టుకుంది.

ముందు 36 గేజుతో వంద చుట్లు ఊరికే చుట్టి విప్పేయండి, చెయ్యి కుదురుతుంది. విప్పిన తీగని అసలు కాయిల్‌కి వాడొద్దు, వంకరలు తిరిగి పూత కూడా దెబ్బతిని ఉంటుంది. అసలుది అయ్యాక బాబిన్ కొలతలు, తూకం, ఓమ్‌లు, మూడూ రాయండి. ఎల్‌ఈడీ వెలగకపోతే ఎక్కడ తేడా వచ్చిందో ఆ మూడు అంకెల్లోనే దొరుకుతుంది.